వండకుండా తినాలనుకుంటే వంటింట్లోకి ఏం కొనాలి, ఏం కొనొద్దు

పచ్చి తిండి మొదలుపెడదామనుకోగానే చాలామంది చేసే మొదటి పని ఫోన్లో కోల్డ్ ప్రెస్ జ్యూసర్ (నెమ్మదిగా నలిపి రసం తీసే యంత్రం) ధర చూడడం. ఆ ధర చూసి కొందరు అక్కడికక్కడే ఆలోచన మానుకుంటారు. ఇంకొందరు కిస్తీల మీద కొని, నాలుగు రోజులు వాడి, కడగలేక అటకెక్కిస్తారు. ఈ రెండూ అవసరం లేదు. వరంగల్, కరీంనగర్ పక్క మామూలు ఇంట్లో ఇప్పటికే ఉన్న సామాను చూసుకోండి: కత్తిపీట, కొబ్బరి కోరు, మిక్సీ, చిన్న రోలు, ఒకటో రెండో చాటలు, మేడ మీద కావలసినంత ఎండ. ముప్పావు వంతు పని వీటితోనే అయిపోతుంది. మిక్సీ ఇంట్లో ఉంటే మిగతావాటికి సుమారు రెండు వేలు చాలు. ఆ రెండు వేలు ఏ వరసలో ఖర్చు పెట్టాలో చూద్దాం.

సామాను సంగతికి ముందు ఒక్క మాట. షుగర్‌కు మాత్రలో ఇన్సులినో తీసుకునేవాళ్లు ఉన్నట్టుండి అన్నం, రొట్టె మానేస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు పండ్లు, ఆకుకూరల్లోని పొటాషియం ఇబ్బంది పెడుతుంది. రక్తం పల్చబడే మందు వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచితే మందు సరిగా పనిచేయదు. ఈ ముగ్గురూ డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్ద వయసువాళ్లు పచ్చి మొలకల జోలికి పోకపోవడమే మంచిది, ఎందుకో మొలకల దగ్గర చెప్తాం. పూర్తిగా వండని తిండి మీదే, పాలు పెరుగు కూడా లేకుండా, నెలల తరబడి ఉండాలనుకుంటే విటమిన్ బి12 మాత్ర తప్పదు.

మొదటి వారం ఏమీ కొనకండి

రోజుకు ఒక్క పూట మాత్రమే పచ్చిగా తింటూ వారం గడపండి. ఒక మనిషికి ఒక పూటకు సుమారు ఇంత: ఒక కీర, ఒక క్యారెట్, ఒక టమాట, గుప్పెడు పెసర మొలకలు, రెండు చెంచాల పచ్చి కొబ్బరి, ఒక జామకాయో అరటిపండో, నానబెట్టిన పల్లీలు గుప్పెడు. పులుపు కావాలంటే పోపు పెట్టని పచ్చిపులుసు ఉండనే ఉంది. చింతపండు నానబెట్టి పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కొత్తిమీర నలిపి వేస్తే దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. మన తిండిలో సగం పచ్చిదనం ముందునుంచే ఉంది, మనమే దాన్ని లెక్కలోకి తీసుకోం.

ఈ వారంలో ఒక్కటే గమనించండి: ఏ పని దగ్గర చెయ్యి ఆగుతోంది? కోయడం విసుగ్గా ఉంటే మీకు కావలసింది మంచి చాకు. కడగడం దగ్గరే అరగంట పోతుంటే జాలి బుట్ట, పెద్ద బేసిన్ కావాలి. నమలలేక దవడ నొస్తుంటే తురుము పీట కావాలి, జ్యూసర్ కాదు. చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడే డబ్బు పెట్టండి.

కడిగే సామాను ముందు

వండేటప్పుడు మంట చంపేసే క్రిములు ఇక్కడ చావవు. కాబట్టి పచ్చి తిండిలో పొయ్యి చేసే పనిలో సగం కడగడమే చేయాలి. దీనికి కావలసినవి రెండు: చెయ్యి పూర్తిగా పట్టేంత వెడల్పున్న బేసిన్ ఒకటి, కాళ్లున్న జాలి గిన్నె ఒకటి. కాళ్లు లేని జాలి గిన్నె సింకులో పెడితే కిందికి పోయిన మురికినీళ్లే మళ్లీ కూరకు తగులుతాయి. కొనేటప్పుడు ఇది చాలామంది చూడరు.

ఆకుకూర కడిగే తీరు ఇది. కాడల చివర్లు కోసి, కట్ట విప్పి, నిండా నీళ్లున్న బేసిన్‌లో వేసి పది నిమిషాలు వదలండి. మట్టి అడుక్కు దిగుతుంది. అప్పుడు ఆకును చేత్తో పైకి ఎత్తి జాలి గిన్నెలోకి తీయాలి. ఆకుతో సహా నీళ్లు వంపితే అడుగున దిగిన మట్టి తిరిగి ఆకుల మీదికే వస్తుంది. నీళ్లు మార్చి ఇలా మూడుసార్లు చేయండి. మూడోసారి బేసిన్ అడుగున వేలు రాస్తే గరగర ఉండకూడదు. గంగవాయిలి కూరకు నాలుగోసారి కూడా కావాలి, అది నేలను పట్టుకుని పాకుతుంది కాబట్టి ఇసుక ఎక్కువ. క్యారెట్, బీట్‌రూట్, కీర లాంటివి పారే నీళ్ల కింద బ్రష్షుతో రుద్దాలి. ఇరవై రూపాయల కొత్త బ్రష్షు ఒకటి దీనికే పక్కన పెట్టుకోండి. ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో నానబెడితే పురుగుమందులన్నీ పోతాయని చెప్తారు గానీ, దాన్ని నమ్మి రుద్దడం మానొద్దు. క్యాబేజీ పై రెండు మూడు ఆకులు తీసేయండి, మిగతావి ఒక్కొక్కటిగా విడదీసి కడగండి.

కడిగే నీళ్లు మంచినీళ్లు కావాలి. నల్లా నీళ్లు మీరు తాగేవైతే అవే చాలు. బోరు నీళ్లు తాగకుండా వాడుకకే ఉంచుకుంటే, చివరి కడుగు మాత్రం తాగే నీళ్లతో చేయండి.

చాకు, పలక, కత్తిపీట

రెండు చాకులు కొనండి, అంతకు మించి వద్దు. ఒకటి ఎనిమిది అంగుళాలది, కూరగాయలకు. ఇంకొకటి నాలుగు అంగుళాల చిన్నది, పండ్లకు. పిడి లోపల ఇనుము చివరిదాకా వెళ్లి, రెండు మూడు రివెట్లతో బిగించి ఉన్నది చూడండి. పిడిలో అంగుళం లోపలికే గుచ్చి ఉన్న చాకు గుమ్మడికాయ కోసిన రోజే ఊడుతుంది. వెన్ను దగ్గర మందం సుమారు రెండు మిల్లీమీటర్లుంటే మన గట్టి కూరగాయలకు సరిపోతుంది. ఆరు చాకులు స్టాండుతో వచ్చే సెట్ల మీదికి మనసు పోనీయకండి, అందులో వాడేవి రెండే ఉంటాయి.

చాకు ధర కంటే దాని పదును ముఖ్యం. పచ్చి తిండిలో రోజుకు అరకిలో, కిలో కోస్తారు, వారానికొకసారి సాన పట్టాల్సిందే. ఒకవైపు గరుకు, ఒకవైపు నున్నగా ఉండే సానరాయి కొనుక్కోండి. రాయిని తడిపి, తడిబట్ట మీద కదలకుండా పెట్టి, చాకు వెన్నును రాయి నుంచి చిటికెన వేలంత మందం పైకి లేపి పట్టుకోండి. ఆ ఎత్తు మార్చకుండా ఒక్కో పక్క పదిసార్లు లాగండి. మొదట గరుకు వైపు, తర్వాత నున్న వైపు. పదును చూడడానికి బొటనవేలు వాడకండి, టమాట వాడండి. నొక్కకుండానే తోలు తెగితే చాలు. సాన పట్టే ఎత్తు ఒక్కోసారి ఒక్కోలా మారితే అంచు గుండ్రమైపోతుంది, ఎంత రుద్దినా పదును రానిది అందుకే.

కోసే పలక మామిడి కర్రదైనా, వేప కర్రదైనా, మందంగా ఉన్న ప్లాస్టిక్‌దైనా పనికొస్తుంది. గాజు పలక మాత్రం వద్దు, ఒక్క వారంలో చాకును చంపేస్తుంది. ఇంట్లో మాంసం, చేపలు వండేవాళ్లుంటే ఆ పలక, ఆ చాకు వేరుగా ఉండాలి. ఇందులో సర్దుబాటు లేదు, ఎందుకంటే కోడిమాంసం తర్వాత కోసిన కీరను మీరు ఉడికించడం లేదు. కర్ర పలకను కడిగి పడుకోబెట్టకుండా నిలబెట్టి ఆరబెట్టండి, లేకపోతే ఒకవైపు తడి ఆగి వంగిపోతుంది.

కత్తిపీటను తీసిపారేయొద్దు. కట్టలకొద్దీ తోటకూర, చుక్కకూర తరగడానికి దానంత వేగం చాకుకు రాదు. కమ్మరి చేసిన ఇనుప కత్తికి ఉన్న ఒక్క చిక్కు పులుపు. మామిడికాయ, ఉసిరికాయ కోస్తే ముక్కలు నల్లబడతాయి. పులుపు, వగరు ఇనుముతో కలిస్తే వచ్చే రంగు అది. అలాంటివాటికి స్టీలు చాకు వాడండి. పని అవగానే కత్తిని తుడిచి ఒక చుక్క నూనె రాయండి, ఎవరికీ తగలకుండా పక్కకు పడుకోబెట్టండి.

తురుము పీట, కోరు

నాలుగు పక్కలా నాలుగు రకాల చిల్లులుండే నిలువు తురుము పీట ఒకటి చాలు. కొనేముందు వెనకవైపు వేలితో తడమండి. చిల్లు అంచులు ఒకేలా పైకి లేచి, పట్టుకుంటే వేలిని గీకేలా ఉండాలి. నున్నగా తగిలితే అది కూరను తురమదు, నలుపుతుంది. అప్పుడు క్యారెట్ తురుము నీళ్లూరి ముద్దైపోతుంది. కొబ్బరికి కోరు ఉంటే చాలు. కాయకు వెచ్చని నీళ్లు రెండు గ్లాసులు పోసి, కోరిన కొబ్బరిని పిసికి బట్టలో పిండితే రెండు పూటలకు సరిపడా పాలు వస్తాయి.

మొలకలు: అరవై రూపాయల సామాను

మొలకలకు మూడు అంతస్తుల ప్లాస్టిక్ డబ్బా అమ్ముతారు. అది చెడ్డదేం కాదు, కానీ పై అంతస్తు నీళ్లు కింది అంతస్తుకు దిగుతాయి. పైది పాడైతే కిందవన్నీ పాడవుతాయి. మీటరు మల్లు బట్ట, ఒక సర్వ, ఒక చిల్లుల గిన్నె ఉంటే ఇంతకంటే మంచి మొలకలు వస్తాయి.

పెసలతో మొదలుపెట్టండి, అవి తప్పకుండా మొలుస్తాయి. ఇద్దరికి రెండు పూటలకు 100 గ్రాముల పెసలు. ముందు చాటలో చెరిగి, విరిగినవి, పురుగు తిన్నవి ఏరేయండి. విరిగిన గింజ మొలవదు, కుళ్లుతుంది, పక్కవాటిని కూడా కుళ్లబెడుతుంది. రెండుసార్లు కడిగి, గింజలకు మూడింతల నీళ్లు పోసి నానబెట్టండి. చలికాలం ఎనిమిది గంటలు, ఎండాకాలం ఐదారు గంటలు. ఎండాకాలంలో రాత్రంతా నానబెడితే పొద్దుటికి నీళ్లు నురగ కట్టి పుల్లవాసన వస్తాయి. నీళ్లు వంపి, మళ్లీ కడిగి, తడి బట్టలో వదులుగా మూటకట్టి చిల్లుల గిన్నెలో పెట్టి పైన మూత వారగా పెట్టండి. బిగించి కడితే లోపలి గింజలకు గాలి తగలక వేడెక్కుతాయి.

ప్రతి ఎనిమిది గంటలకు మూట విప్పి, గింజల మీద చల్లని తాగే నీళ్లు పోసి, పూర్తిగా వడిసేదాకా ఉంచి మళ్లీ కట్టాలి. వరంగల్ ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో 15 గంటల్లో తోకలు వస్తాయి, డిసెంబరులో 30 గంటలు పట్టొచ్చు. తోక సెంటీమీటరు కాగానే తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. 100 గ్రాములు సుమారు రెండున్నర రెట్లవుతాయి. రెండు రోజుల్లో తినేయాలి.

ఎండాకాలంలో మొలకలు పాడవడానికి కారణం ఒకటే, వేడి. మధ్యాహ్నం గది 40 డిగ్రీలు దాటొచ్చు. మూటను మంచినీళ్ల కుండను ఆనించి, కింద తడి బట్ట వేసి పెట్టండి. కుండ చెమ్మ ఆరేటప్పుడు చుట్టూ చల్లబడుతుంది, ఆ చల్లదనం మూటకు చాలు. గింజలు జారుడుగా, బంకగా ఉన్నా, వేలితో నలిపితే పుల్లగా వాసన వచ్చినా కడిగి వాడొద్దు, పారేయండి. మొలకలు పెరగడానికి కావలసిన తడి, వెచ్చదనమే సాల్మొనెల్లా, ఈ కొలై లాంటి క్రిములకూ కావాలి. గింజ లోపలికి చేరిన క్రిములు కడిగితే పోవు. గర్భిణులకు, పిల్లలకు, పెద్దవాళ్లకు పచ్చివి వద్దన్నది అందుకే. వాళ్లకు ఆవిరి మీద బాగా ఉడికించి పెట్టండి.

ఇంకొక సంగతి మన పక్కన మరీ ముఖ్యం. మొలకలకు గింజలు కిరాణా షాపులో తినడానికి అమ్మేవే తీసుకోవాలి. విత్తనాల షాపులో ప్యాకెట్ చౌకగా దొరికిందని తేవొద్దు. విత్తనానికి పురుగుమందు, తెగులు మందు పట్టిస్తారు, ఎర్రగానో, నీలంగానో, గులాబీగానో రంగు కనిపిస్తుంది. ఒక్కోసారి రంగు తేలిగ్గా ఉండి కనబడదు కూడా.

శనగలు, బొబ్బర్లు, ఉలవలు కూడా ఇలాగే, అయితే నానడానికి 10 నుంచి 12 గంటలు కావాలి. రాజ్మా, అనపగింజలు, చిక్కుడు గింజలు మాత్రం పచ్చిగా, మొలకెత్తించి కూడా తినొద్దు. రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే పదార్థం కొద్ది గింజలకే వాంతులు, విరేచనాలు పట్టిస్తుంది. అనప, చిక్కుడు గింజల్లో సైనైడును విడుదల చేసే పదార్థం ఉంటుంది. వీటికి బాగా ఉడకడమే విరుగుడు. చామగడ్డ పచ్చిగా గొంతు పట్టేస్తుంది, కర్రపెండలం విషం. పచ్చదనం తిరిగిన ఆలుగడ్డ కూడా అంతే.

మిక్సీ: ఉన్నది సరిపోతుందా?

ఇంట్లో 500 వాట్ల మిక్సీ పనిచేస్తూ ఉంటే కొత్తది కొనకండి. అది మామిడిపండు, అరటిపండు, పాలకూర, నానిన పల్లీలు తేలిగ్గా పడుతుంది. పచ్చి క్యారెట్, బీట్‌రూట్ ముక్కలు, ఎండు కొబ్బరి దగ్గర మాత్రం మూలుగుతుంది. అవి రోజూ కావాలనుకుంటేనే 750 వాట్లదానికి వెళ్లండి. కొంటే ఐఎస్ఐ గుర్తు, దాని కింద ఐఎస్ 4250 అన్న నంబరు ఉన్నాయా చూడండి, ఇళ్లలో వాడే మిక్సీలకు ఉన్న ప్రమాణం అదే. ఒకటిన్నర లీటర్ల జ్యూస్ జార్ ఉన్న సెట్టు తీసుకోండి. పచ్చి తిండికి మిక్సీతో చేసే పని ఎక్కువగా ఆ జార్‌లోనే. నాలుగు, ఐదు జార్ల సెట్టుకు ఎక్కువ డబ్బు పోయకండి.

ఖరీదైన విదేశీ బ్లెండర్లు ఆకును మరీ మెత్తగా చేస్తాయి, నిజమే. కానీ మామూలు మిక్సీలో కూడా వరస మారిస్తే ఆకు మెత్తబడుతుంది. చాలామంది పండు, ఆకు, నీళ్లు అన్నీ ఒకేసారి వేస్తారు. పండు గుజ్జు బ్లేడు చుట్టూ బుడగలా నిలబడి, ఆకు పైన తేలుతూ ఉండిపోతుంది. ఇలా చేయండి:

ముందు కాడలను రెండు సెంటీమీటర్ల ముక్కలుగా అడ్డంగా కోయండి. పొడుగ్గా వేస్తే నార బ్లేడుకు చుట్టుకుంటుంది. ఆకు, 200 మిల్లీలీటర్ల కుండ నీళ్లు మాత్రం వేసి 30 సెకన్లు తిప్పి ఆపండి. ఒకసారి కదిపి ఇంకో 30 సెకన్లు. నీళ్లు నున్నగా పచ్చగా అయ్యాక అప్పుడు పండు వేసి 20 సెకన్లు. జార్ మూడొంతుల్లో రెండు వంతులు మించి నింపొద్దు, నురగ మూత తోసుకుని వస్తుంది.

ఎందుకు ఆపి ఆపి తిప్పాలంటే, బ్లేడు రాపిడికి లోపల వేడి పుడుతుంది. ఆపకుండా రెండు మూడు నిమిషాలు తిప్పితే జార్ చేతికి వెచ్చగా తగులుతుంది. పచ్చి తిండి పాటించేవాళ్లు సుమారు 42 నుంచి 48 డిగ్రీలు దాటొద్దని లెక్క పెట్టుకుంటారు. ఆ లెక్క పక్కన పెట్టినా, మోటారు బతకడానికైనా ఇది మంచిదే.

ఆగిపోతే భయపడకండి. అడుగున ఎర్ర బటన్ ఉంటుంది. బరువు ఎక్కువై అది బయటికి తన్నుతుంది. స్విచ్ తీసి, జార్‌లోంచి సగం తీసేసి, కొంచెం నీళ్లు కలిపి, ఐదు నిమిషాల తర్వాత బటన్ నొక్కండి. నెలకోసారి జార్‌ను బోర్లించి అడుగు చూడండి. బ్లేడు ఇరుసు చుట్టూ నల్లటి జిడ్డు కనబడితే లోపలి బుష్ అరిగింది, ఆ నలుపు మీ జ్యూస్‌లోకి వస్తుంది. బ్లేడు సెట్టు మార్పించడానికి అయ్యే ఖర్చు కొత్త జార్ కంటే చాలా తక్కువ. మూత కింద రబ్బరు వదులైతే షాపుకు జార్ తీసుకెళ్లి దానికి సరిపోయేదే అడగండి, అంచనాతో తెస్తే కారుతుంది.

ఇన్వర్టర్ మీద 750 వాట్ల మిక్సీ నడపొద్దు. ఇళ్లలో ఉండే చిన్న ఇన్వర్టర్లు ఆ ఆరంభపు లాగుడు తట్టుకోలేక ట్రిప్ అవుతాయి.

జ్యూసర్ కొనాలనిపిస్తే

మూడు నెలలు ఆగండి. అప్పటిదాకా మిక్సీ, మల్లు బట్ట. తిప్పిన గుజ్జును బట్టలో వేసి మూటకట్టి మెలితిప్పుతూ పిండితే రసం వస్తుంది, పిప్పిని మొక్కలకు వేయొచ్చు. బట్టను జ్యూస్‌కు ఒకటి, మొలకలకు ఒకటి వేరుగా పెట్టుకోండి. పని అవగానే ఉతికి, రెండు రోజులకోసారి మరిగే నీళ్లలో పది నిమిషాలు వేసి ఎండలో ఆరేయాలి. ఫ్యాన్ కింద ఆరబెట్టిన తడి బట్ట పుల్లవాసన పట్టిందంటే అందులో పిండిన రసం తాగొద్దు.

బత్తాయి, నిమ్మకాయకు చేత్తో నొక్కే స్క్వీజర్ చాలు, కానీ స్టీలుదే తీసుకోండి. చౌకగా దొరికే అల్యూమినియం స్క్వీజర్‌ను పులుపు తింటుంది, లోపల తెల్లటి మచ్చలు పడతాయి. ఇక రోజూ తెల్లవారి నాలుగైదు ఆకుకూరల రసం తాగాలని ఎవరైనా చెప్తే ఆలోచించండి. పాలకూర, గంగవాయిలి లాంటివాటిలో ఆక్జలేట్ అనే పదార్థం ఎక్కువ, ఒకసారి కిడ్నీలో రాయి వచ్చినవాళ్లకు అది మళ్లీ రాయి పుట్టించొచ్చు. రసం కంటే మొత్తంగా నమిలి తినడం వల్ల పీచు కూడా మిగులుతుంది.

రోలు, కల్వం

తొక్కు నూరడానికి పెద్ద రోలు లేకపోయినా నాలుగైదు కిలోల బరువున్న గ్రానైటు కల్వం ఉంటే చాలు. రెండు కిలోలది కొంటే నూరేటప్పుడు గెంతుతుంది, ఒక చెయ్యి దాన్ని పట్టుకోవడానికే పోతుంది. మన పక్క నల్లరాతికి కొదవ లేదు, అంగడిలో, జాతరల్లో, రోళ్లు కొట్టేవాళ్ల దగ్గర దొరుకుతుంది. కొనేముందు తడి తెల్లబట్టతో లోపల గట్టిగా రుద్దండి. నల్లరంగు అంటితే అది పూసిన రంగు, వద్దు. సిమెంటు పోత పోసినవి కూడా వస్తాయి, వాటి అంచు మీద ఇసుక రేణువులు కనబడతాయి, గోరుతో గీకితే రాలుతాయి.

ఇంటికి తెచ్చాక రోలును సాఫు చేయాలి. గుప్పెడు నూకలు, కొద్ది నీళ్లు వేసి పదినిమిషాలు నూరి పారేయండి. మొదట బూడిదరంగు ముద్ద వస్తుంది. ముద్ద తెల్లగా వచ్చేదాకా ఇలా ఐదారుసార్లు. తర్వాత గళ్లుప్పుతో ఒకసారి. ఈ పని దాటవేస్తే పంటికింద రాయి తప్పదు. పచ్చి తొక్కు నూరేటప్పుడు ముందు ఉప్పు, పచ్చిమిర్చి, ఎల్లిపాయ. తర్వాత నానిన పల్లీలు. చివర్లో మామిడి తురుమో టమాటో. నీరున్నది ముందు వేస్తే మిర్చి నలగక జారుతుంది.

ఎండనే డ్రయ్యర్ చేసుకోండి

పండ్ల ముక్కలు, టమాట, పొయ్యి మీద కాల్చని పచ్చి రొట్టెలు ఆరబెట్టడానికి డీహైడ్రేటర్ (వెచ్చని గాలితో ఆరబెట్టే యంత్రం) కొనాలని పుస్తకాల్లో ఉంటుంది. మార్చి చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా ఉత్తర తెలంగాణలో అది డబ్బు దండగ. మధ్యాహ్నం పూట మేడ మీద గాలి వేడి చాలా రోజులు 40 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, సరిగ్గా కావలసినంత. కాకపోతే స్లాబు మీద నేరుగా స్టీలు తాంబాళం పెట్టొద్దు. స్లాబు గాలి కంటే చాలా ఎక్కువ కాలుతుంది, ముక్కలు ఆరవు, ఉడుకుతాయి. నులక మంచం వేసి దాని మీద శుభ్రమైన నూలుబట్ట పరిచి ముక్కలు పేర్చండి. కింద నుంచి కూడా గాలి తగలాలి. పైన దోమతెర కప్పి చుట్టూ రాళ్లు పెట్టండి.

ముక్క మందం ఐదు మిల్లీమీటర్లు, అన్నీ ఒకేలా. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా ఉంచి రాత్రి లోపలికి తేవాలి. మామిడి రెండు రోజులు, టమాట రెండు మూడు రోజులు. విరిచి పిసికితే చెమ్మ రాకూడదు. తర్వాత గాజు సీసాలో సగం నింపి మూతపెట్టి నాలుగు రోజులు గమనించండి. లోపలి గోడకు చెమ్మ పట్టితే మళ్లీ ఆరబెట్టాలి, లేదంటే బూజు పడుతుంది. పుదీన, కరివేపాకు, మునగాకు మాత్రం ఎండలో కాదు, నీడలో. ఎండలో రంగు, వాసన రెండూ పోతాయి. జూన్ రెండో వారం నుంచి సెప్టెంబరు దాకా ఏదీ ఆరబెట్టొద్దు, ఎంత ఎండ కనబడినా గాలిలో తడి ఉంటుంది.

డబ్బాలు, స్టీలు

సీసాలు కొనకండి, పచ్చడి, తేనె సీసాలు దాచుకోండి. ఆకుకూరకు పాత నూలు చీరతో కుట్టిన సంచి ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు కాపాడుతుంది. ప్లాస్టిక్ కవరులో చెమ్మ పట్టి రెండో రోజే జారుడు పడుతుంది.

స్టీలు కిలో లెక్కన కొనేటప్పుడు దుకాణంలో అయస్కాంతం పెట్టి "చూడండి, అతుక్కోలేదు, మంచి సరుకు" అంటారు. ఆ పరీక్షకు విలువ లేదు. మంచి 304 రకమూ అతుక్కోదు, నికెల్ తగ్గించి మాంగనీసు వేసిన చౌక 200 రకం స్టీలూ అతుక్కోదు. మడత మీద, అడుగున ముద్ర చూడండి. స్టీలు గిన్నెల ప్రమాణం ఐఎస్ 14756. పులుపు పెట్టడానికి, ఉప్పునీళ్లు నిలవ ఉంచడానికి 304 కావాలి. మామూలుగా కోసి పెట్టుకునే గిన్నెకు ఏదైనా పర్లేదు. పెంబర్తి ఇత్తడి సామాను ఇంట్లో ఉంటే కూరగాయలు పోసుకోవడానికి వాడండి, నిమ్మరసం, పచ్చిపులుసు, మజ్జిగ మాత్రం కళాయి లేని ఇత్తడిలో, రాగిలో పెట్టొద్దు. పులుపుకు లోహం కరిగి దిగుతుంది, రుచి చేదెక్కుతుంది, కడుపులో తిప్పుతుంది.

పల్లీలను కూడా డబ్బాలో పోసేముందు ఒక్కసారి చాటలో పరిచి చూడండి. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, బూజు పట్టినవి, కొరికితే చేదుగా ఉన్నవి తీసి పారేయాలి. పల్లీ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది నానబెట్టినా, వేయించినా పూర్తిగా పోదు. పచ్చిగా తినేవాళ్లు రోజూ గుప్పెడు తింటారు కాబట్టి ఈ ఏరుడు మానొద్దు.

రెండో నెలలో చేతిలో ఇంకా డబ్బుంటే రెండు కొనండి: ఐదు కిలోల దాకా తూచే డిజిటల్ కాటా, వంటింటి థర్మామీటర్. మొదటిది మీరు రోజూ నిజంగా ఎంత తింటున్నారో చూపిస్తుంది. పచ్చి తిండిలో కడుపు నిండినట్టే ఉండి తిండి తక్కువైపోవడం మామూలే, నీరసం, తలతిప్పు మొదలయ్యేది అక్కడే. రెండోది మిక్సీ జార్‌లో, మంచం మీద ముక్కల దగ్గర పెట్టి చూడడానికి. రెండూ బ్యాటరీతో నడిచేవే, బ్యాటరీ పెట్టే మూతకు మర ఉన్నది కొనండి. నొక్కితే తెరుచుకునే మూతలు నెల తిరక్కుండానే వదులైపోతాయి.